తోక తీసిన సూది

మా తాత రామలింగప్ప ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. అంతకన్నా పెద్ద పేరు, పడుగులు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అతకడంలో. ఒక పడుగు అయిపోయాక మగ్గానికి మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే, బూడిద రాసుకున్న వేళ్లతో మెలితిప్పి అతకాలి. మూడు వేల పోగులు. మా వీధిలో ఎవరింట్లో పడుగు అయిపోయినా తాతకే కబురొస్తుంది. ఆ మనిషి ఒక చొక్కా గుండీ దగ్గర చిత్తుగా ఓడిపోయాడు. నేను ఎదురుగా కూర్చుని చూశాను.

అప్పటికి మా అవ్వ అంజనమ్మకు కంటి ఆపరేషన్ అయి నెల కావస్తోంది. నల్లద్దాలు పెట్టుకుని, మంచం మీద నుంచే ఇంటిని ఏలుతోంది. పొయ్యి పొగ తగలకూడదు, బరువులెత్తకూడదు. ఆసుపత్రిలో తాత కళ్లు కూడా చూస్తామన్నారట. "మూడు వేల పోగులు అతికే కండ్లకు నీ లైటెందుకప్పా?" అని తాత బయటికొచ్చేశాడట.

ఇంటిపని తాతకూ నాకూ పడింది. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని, పని నాకు కొత్త కాదు. తాతకే కొత్త. పాలు రెండుసార్లు పొంగించాడు. పప్పులో ఉప్పుకు బదులు చక్కెర పోశాడు. "మగ్గం మనిషికి పొయ్యి లొంగుతాదా!" అని అవ్వా నేనూ కడుపులు పట్టుకుని నవ్వాం.

ఆ రోజు తిమ్మన్న ఇంట్లో కొత్త మగ్గం. మొదటి పోగును పన్నెలో, అంటే దువ్వెన లాంటి ఆ చట్రంలో, సన్నటి సందులోంచి దూర్చేది వీధి పెద్దమనిషి. అంటే తాతే. తొమ్మిదింటికి ముహూర్తం. ఎనిమిదికి తెల్లచొక్కా తీస్తే నడిమి గుండీ లేదు.

మా ఇంట్లో సూదిని ఎప్పుడూ ఖాళీగా ఉంచరు. కుట్టడం అయ్యాక అవ్వ నాలుగు వేళ్లంత దారం తోక వదిలి, సూదిని క్యాలెండరుకు గుచ్చుతుంది. ఈసారి ఆ తోకకే కొత్తదారం మెలితిప్పి బెజ్జంలోంచి లాగేస్తే సరి, మగ్గం మాదిరే. తాత సూది తీసి వేళ్లతో తడిమాడు. మళ్లీ తడిమాడు.

"మే, దీని తోక యాడ?"

అవ్వ నా వైపు తిరిగింది. ముందురోజు కాలిలో తుమ్మముల్లు తీసుకుంటూ, అడ్డమొస్తోందని ఆ దారం పీకి పారేసింది నేనే.

"ఇట్లియ్యి తాతా, నేనెక్కిస్తా."

"పోవే! సూదిలో దారం నీతో ఎక్కించుకుంటే వీధిలో తలెత్తుకుంటానా?"

ఇక మొదలైంది. దారం కొసను నోట్లో తడిపాడు. కొరికాడు. గడప దగ్గరికి పోయి ఎండకు పట్టాడు. దారం సూదికి కుడిపక్క పోయింది, ఎడమపక్క పోయింది.

"తాతా, బెజ్జం సూదిలో ఉంటాది, గాలిలో కాదు!"

"నోర్మూస్తావా? మద్రాసు సూదులు మేలు. ఇవి బెజ్జాలు లేకుండా చేస్తాండారు."

అంతలో సూది జారి కింద పడింది. నల్ల నాపబండ మీద, తాత బొటనవేలి పక్కనే, ఎండకు తళతళమంటోంది. తాత కూలబడి అరచేత్తో నేలంతా తుడవడం మొదలుపెట్టాడు. నాటకమనుకుని పగలబడి నవ్వాను.

"నీ కాలికాడే ఉండాది కదా!"

"యాడ?" అన్నాడు తాత. కాలివైపు చూడలేదు. నా గొంతు వినిపించిన వైపు తల తిప్పాడు.

నా నవ్వు ఆగిపోయింది. రెండు నెలల కిందట తాత చేతిలోని నూలు కండె రంగు అడిగితే, ఆట పట్టించాలని ఎర్రదాన్ని పచ్చ అని చెప్పాను. తాత జానెడు నేసేశాడు. నేను నవ్వితే తానూ నవ్వి, అంతా విప్పుకున్నాడు. పప్పులో చక్కెర గుర్తొచ్చింది.

అవ్వ మంచం దిగి వచ్చి తాత ముందర నిలబడింది.

"నా మొగం కనపడతాండాదా?"

"నల్లగా ఏందో ఉండాది. అద్దాలు కదా?"

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయినేడు ఉరుకుంద జాతరకు పోయొచ్చినాం చూడు, ఆడి నుంచి." తాత గొంతు తగ్గింది. "చెప్తే మగ్గం దిగమంటారు. దిగి ఏం చేయల్ల నేను?"

"మరి అతుకులు?"

"అతుకుకు కండ్లెందుకే? వేలికి తెలుస్తాది."

అవ్వ సూది తీసుకుని, చెయ్యి బారెడు చాచి దూరంగా పట్టుకుని, ఒక్క పోటుకు దారం ఎక్కించింది. గుండీ కుట్టేసింది. తాత గుండీ తడిమి చూసుకుని, "పన్నె సందు ఇంకా సన్నం. తిమ్మన్నకు జరమని చెప్పి పంపుదామా?" అన్నాడు.

"జరమొచ్చినోనికి ఇస్త్రీ చొక్కా ఎందుకు? నడువు."

తిమ్మన్న ఇంట్లో వీధంతా ఉంది, డప్పు మోగుతోంది. పసుపు రాసిన పోగు తాత చేతిలో పెట్టారు. తాత దాన్ని వేళ్లమధ్య నలిపాడు. సందు తడమడానికి చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు.

"నాకు కనపడదప్పా," అన్నాడు పైకే. "మా అంజనమ్మ ఎక్కిస్తాది. ఆమె కన్ను కొత్తది."

డప్పు ఆగింది. తిమ్మన్న తాత దగ్గరికి వచ్చాడు. "మరి పోయిన నెల మా పాత మగ్గానికి పడుగు అతికింది ఎవరు మామా?"

"నేనే. ఒక్క పోగన్నా తెగిందా?"

తెగలేదు. తిమ్మన్న తల అడ్డంగా ఊపి, తాతకు అది కనపడదని గుర్తొచ్చి, "లేదు మామా" అన్నాడు.

అవ్వ చెయ్యి చాచి, తల వెనక్కి వంచి, పోగు దూర్చింది. అవతల కొసను తాత వేళ్లు అందుకుని ముడేశాయి.

వచ్చే బుధవారం తాతను కర్నూలు కంటి ఆసుపత్రికి తీసుకుపోతున్నాం. తోడు నేనూ పోతున్నాను. రంగులు అడిగితే నిజమే చెబుతున్నాను, ఒట్టు. సూది మళ్లీ క్యాలెండరుకు ఎక్కింది, ఈసారి జానెడు తోకతో. ముల్లు గుచ్చుకుంటే నేను పక్కింటి సుంకమ్మ దగ్గర సూది అడుగుతున్నాను.