మంచి సీజన్ చూసుకుని వచ్చిన మా తోడల్లుడు

మా తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త, బెంగళూరులో ఉంటాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో విజయవాడ వచ్చింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ వేసవి కావడంతో మా ఊరు మనుషులుండే చోటు కాదని తేల్చేశాడు. పటమటలో మా ఇంటి ఏసీ కింద కూర్చుని, "ఇక్కడ ఎలా ఉంటారండీ అన్నయ్యగారూ?" అని జాలిగా మొహం పెట్టి అడిగేవాడు. నేను నవ్వేవాణ్ణి.

మూడోసారి రావడానికి ఆగస్టులోనే ప్లాన్ మొదలుపెట్టాడు. వారానికోసారి ఫోను. "సెప్టెంబరులో మీకు ఉక్క ఎక్కువటండీ. అక్టోబరులో వానలటండీ." పుట్టి పెరిగిన ఊళ్ళో ఎండెప్పుడో వానెప్పుడో నాకతను పాఠం చెప్పేవాడు. చివరికి నెలలవారీగా రంగురంగుల పట్టిక ఒకటి తయారుచేసి వాట్సాప్‌లో పంపాడు. అందులో నవంబరు ఆఖరివారం ఆకుపచ్చగా ఉంది. పక్కన 'ఆహ్లాదకరం' అని రాసుకున్నాడు.

"ఆ రోజుల్లో వాయుగుండాలు పడుతుంటాయి తమ్ముడూ. పైగా కోతల టైము. ఉయ్యూరు దగ్గర మన బావమరిదికి క్షణం తీరిక ఉండదు," అన్నాను.

"సగటు చూడాలండీ. ఎప్పుడో ఒకసారి వచ్చేవాటిని పట్టించుకుంటే ఎలా?"

అంతా తెలిసినవాడికి చెప్పేదేముంది?

వచ్చారు. మొదటిరోజు నిజంగానే హాయిగా ఉంది. బ్యారేజీ మీద చల్లటి గాలి వీస్తుంటే, ఆ గాలిని తనే తెప్పించినట్టు నావైపు చూసి, "చూశారా?" అన్నాడు. చూశానన్నాను. మా మరదలు మాత్రం రెయిలింగు పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. ఆ పిల్ల ఎక్కువ మాట్లాడదు. మాట్లాడే అవకాశం అతను ఎప్పుడిచ్చాడు గనక!

రెండోరోజు తెల్లారేసరికి ఆకాశం మూసుకుపోయింది. అల్పపీడనం బలపడిందన్నారు, భవానీ ద్వీపానికి పడవలు ఆపేశారు. మా వాడు ఫోను పట్టుకుని, ఆకాశమేదో మాట తప్పినట్టు గొణుక్కుంటూ హాల్లో పచార్లు చేశాడు.

పదకొండింటికి బావమరిది దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "బావగారూ, నిన్న మిషనుతో కోయించానండీ. ధాన్యమంతా రోడ్డు మీదే ఆరబోసి ఉంది. మనుషులు దొరకట్లేదు. కాస్త రాగలరా?"

నేను కారు తీశాను. అక్కచెల్లెళ్ళిద్దరూ అప్పటికే వెనకసీట్లో ఉన్నారు కాబట్టి అతనూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. దారిలో, "ఉయ్యూరులో చూడ్డానికేమన్నా ఉన్నాయాండీ?" అని అడిగాడు. నేను కారు వేగం పెంచాను.

మేం చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. రోడ్డు పొడవునా ధాన్యాన్ని కుప్పలుగా తోస్తూ, ప్లాస్టిక్ పట్టాలు కప్పుతూ జనం పరుగులు పెడుతున్నారు. కారు ఆగకముందే మరదలు తలుపు తీసింది. చెప్పులు కారులోనే వదిలేసి, చున్నీ నడుముకి బిగించి, "అన్నయ్యా, ఆ కొస పట్టుకో!" అని పట్టా లాగుతున్న మా బావమరిదికి వినపడేలా అరిచింది. పన్నెండేళ్ళలో ఆమె గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు. వెనకాలే నా భార్య పరిగెత్తింది.

నేను దిగలేదు. ఎందుకు దిగలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పక్కన అతిథి కూర్చుని ఉన్నాడు. "తడిస్తే జ్వరం వస్తుందండీ. ఏసీ కాస్త పెంచండి, అద్దాలకి ఆవిరి పడుతోంది," అన్నాడు. పెంచాను. అతన్ని తల్చుకుంటే కలిగే ఏవగింపులో సగం ఆ ఏసీ పెంచిన నా చేతి మీదే.

నా భార్య వచ్చి అద్దం మీద అరచేత్తో కొట్టింది. "కూర్చున్నారేంటండీ? రాళ్ళు మొయ్యండి!"

దిగి, పట్టాలు గాలికి లేవకుండా వాటి అంచుల మీద రాళ్ళు పెట్టుకుంటూ పోయాను. మా తోడల్లుడు అద్దం రెండంగుళాలు దించి, "అన్నయ్యగారూ, ఆ మూల లేస్తోంది చూడండి!" అని లోపల్నుంచే కేకేశాడు. చినుకు మీద పడగానే మళ్ళీ ఎత్తేశాడు.

రెండు కుప్పలు దక్కాయి. మూడోది అడుగునుంచి తడిసిపోయింది.

ఆ సాయంత్రమే వెళ్ళిపోదామన్నాడు అతను. రైళ్ళు ఆపేస్తారని భయం. మరదలు తల తుడుచుకుంటూ, "మీరు వెళ్ళండి. ధాన్యం ఆరేదాకా నేనిక్కడే ఉంటాను," అంది.

"ఎన్ని రోజులు?"

"ఎండొచ్చేదాకా."

ఎండెప్పుడొస్తుందో చూడ్డానికి అతను ఫోను తీశాడు. తలెత్తేసరికి ఆమె అక్కడ లేదు.

దారిలో మా ఇంటి దగ్గర సామాను ఎక్కించుకుని, అతన్ని స్టేషన్లో దింపాను. "ఫిబ్రవరి అయితే బాగుండేదేమోనండీ," అన్నాడు. సూట్‌కేసు చేతికిచ్చి వెనక్కి తిరిగాను.

నాలుగోరోజు ఎండ వచ్చింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ధాన్యాన్ని మళ్ళీ రోడ్డు మీద పరిచి, పొద్దుగూకేదాకా కాళ్ళతో తిరగేశారు. తడిసిన కుప్ప రంగు మారింది. దాన్ని ఇంటి తిండికి ఉంచుకుని, మాకూ ఒక బస్తా బియ్యం పంపారు. అన్నం కాస్త ముక్కవాసన వేసేది. నా భార్య రోజూ అదే వడ్డించేది, నేను అదే తినేవాణ్ణి.