అమ్మమ్మల పుట్టింటి పేర్లు వెతికిన మా అత్త

మా మేనత్త పోయిందని శుక్రవారం ఉదయం రాయచోటి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. కువైట్‌లోని ఫర్వానియాలో మేం ఆరుగురం ఆడవాళ్లం ఒకే గదిలో ఉంటాం. ఆ రోజు వంట వంతు నాది. స్టవ్ ఆర్పేసి అక్కడే కూర్చుండిపోయాను. కువైట్‌లో బతకడం నాకు నేర్పింది ఆమే.

అత్త చదువుకోలేదు. ఇక్కడే ఫింటాస్‌లో ఒక కెనడా టీచరమ్మ ఇంట్లో వంట చేసేది. కువైట్‌లో పనిమనుషులు ఇంటి యజమానురాలిని పిలిచినట్టే ఆమెను మామా అని పిలిచేది. ఆ మామా పూర్వీకులు ఎప్పుడో ఫ్రాన్స్ నుంచి కెనడా వెళ్లి, నది ఒడ్డున అడవి కొట్టి సేద్యం చేసిన రైతులు. రోజూ సాయంత్రం ఆమె వంటింటి బల్ల మీద పెద్ద కాగితం పరిచి, వాళ్ల ఊరి చర్చి రిజిస్టర్ల నకళ్లు చూసుకుంటూ, పేర్లు పైకి చదువుతూ రాసుకునేదట. అత్త బియ్యం ఏరుతూ వినేది.

నేను సబా అల్ సలేంలో ఒక కువైటీల ఇంట్లో పనిచేసేదాన్ని. సెలవు దొరికి వెళితే అత్త ఆ కబుర్లే చెప్పేది.

"ఆడబిడ్డ పుడితే ముందర మరీ అని, మరియమ్మ పేరు, పెడతారంట మే, మొగబిడ్డయితే జోసెఫ్ అంట. మన ఇండ్లల్లో అందురూ వెంకటలే గదా, అట్ల. ఇంగోటి విను. పెండ్లయినా ఆడోళ్ల పుట్టింటి పేరు పోదంట. సచ్చేదాకా చర్చి పుస్తకంలో అదే రాస్తారంట. మీ అమ్మమ్మ ఇంటిపేరేందని మామా నన్నడిగె. నాకు తెలిస్తే గదా చెప్పేకి!"

అలా అన్నప్పుడు ఆమె నవ్వు కాస్త తగ్గేది.

1990 ఆగస్టులో కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చింది. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, కుటుంబంతో సౌదీకి పారిపోయాడు. నేను నడిచి అత్త దగ్గరికి చేరాను. తెల్లవాళ్లను పట్టుకుపోతున్నారని అప్పటికే వీధంతా చెప్పుకుంటున్నారు. అత్త మామాను తన చిన్న గదిలో దాచింది. ఆ ఇంట్లో తెల్లమనిషి ఉన్నట్టు చెప్పే కాగితం ఒక్కటి కూడా కనబడకూడదు. పాస్‌పోర్టును బియ్యం మూటలో దాచారు. ఫొటోలు, ఉత్తరాలు కాల్చేశారు. పేర్ల కాగితం దగ్గరికి వచ్చేసరికి మామా చేతులు ఆడలేదు. పదకొండేళ్ల పని అది.

"ఇట్లీ మామా," అంటూ అత్త దాన్ని మెల్లగా లాక్కుని సింకులో పెట్టి అంటించింది. "నోట్లో ఉండే పేర్లను ఎవురు కాల్చగలరు? నాకన్నీ వచ్చు."

రెండు రోజులకు, మధ్యాహ్నం, సైనికులు తలుపు తట్టారు. అత్త కొంగు దోపుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మాకూ అహద్," ఎవరూ లేరు, అంది. ఒకతను లోపలికి వచ్చి హాలంతా చూశాడు. పని మనుషుల గది తలుపు మీద చెయ్యి వేశాడు. "అది మా గది. లోపల ఇంగో పిల్ల నీళ్లు పోసుకుంటా ఉండాది," అని అరబ్బీలో గట్టిగా అరిచింది అత్త. అతను చెయ్యి తీసేశాడు. రొట్టెలు తీసుకుని వెళ్లిపోయారు.

కొన్ని వారాలకు విదేశీ ఆడవాళ్లు వెళ్లవచ్చని ఆర్డరు వచ్చింది. వెళ్లేముందు మామా బిస్కెట్ అట్ట చింపి పెన్ను పట్టుకుంది. అత్త కళ్లు మూసుకుని చెప్పింది. మరీ లూయీజ్, మరీ ఆన్, మరీ జెనెవీవ్... ఎవరికి ఎవరు బిడ్డో, ఎవరిది ఏ పుట్టిల్లో తడబడకుండా చెప్పింది. మామా రాస్తూ ఏడ్చింది.

మేమిద్దరం జోర్డాన్ మీదుగా ఇల్లు చేరాం. మరుసటి ఏడు మామా నుంచి ఉత్తరం వచ్చింది. చర్చి పుస్తకాలతో సరిచూసుకుంటే ఒక్క పేరే తప్పు పోయిందట.

"ఆ చర్చి సామే తప్పు రాసింటాడు," అంది అత్త.

నేను తిరిగి కువైట్ వచ్చాను గానీ అత్త మళ్లీ రాలేదు. తన అమ్మమ్మల పుట్టింటి పేర్ల కోసం ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది. పొలం పుస్తకాల్లో ఉండేవి మగవాళ్ల పేర్లే. మన ఇళ్లల్లో మనవరాలికి అవ్వ పేరు పెడతారు, కానీ కోడలు అత్తపేరు నోటితో అనకూడదు కాబట్టి ఆ బిడ్డను 'అవ్వా' అనే పిలుస్తారు. అలా అసలు పేరు మరుగున పడిపోతుంది. అత్త ముసలివాళ్ల మంచాల దగ్గర కూర్చుని, "మీ జేజి ఏ ఇంటి ఆడబిడ్డ?" అని వాళ్ల అవ్వల గురించి అడిగేది. కొందరు పిచ్చిదన్నారు. ఒక్కో పేరుకు ఏళ్లు పట్టింది.

మూడేళ్ల కిందట నేను సెలవుకు వెళ్లినప్పుడు, లక్కిరెడ్డిపల్లె దాటాక ఒక పల్లెకు నన్ను తోడు తీసుకుపోయింది. అత్త వాళ్ల అమ్మమ్మ తల్లి పుట్టిల్లు అదేనని అప్పుడే తేలింది. చేనులో ఒకామె శెనక్కాయలు పీకుతోంది. అత్త గట్టు మీద నిలబడి పేర్లు వరుసగా చెప్పింది. ఆమె నడుం ఎత్తి, చేతుల మన్ను దులుపుకుంటూ గట్టు దగ్గరికి వచ్చింది.

"అయితే మీరు మా ఇంటి ఆడబిడ్డ సంతానమా! ఒట్టి చేతుల్తో ఎట్ల పంపేది?"

అత్త కొంగు పట్టింది. ఆమె పచ్చికాయలు దులిపి దులిపి కొంగు నిండా పోసింది. తిరుగుదారిలో అత్త నాకంటే ముందు గట్టు మీద నడిచింది. నేను మోస్తానన్నా ఇవ్వలేదు. రెండు చేతులా కొంగు పొదువుకుని పోతుంటే, కాయలకు అంటిన ఎర్రమన్ను ఆమె పాదాల మీద కొంచెం కొంచెంగా రాలుతూ ఉంది.