తీర్పుకు ముందు సంగటి

దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో పనేదైనా ఉంటే కాసేపు పక్కన పెట్టండి. ఆ రోజుల్లో మా ఇంట్లో తప్పు చేసినవాళ్లకు భయం ఉండేది కానీ, శిక్ష వేసేవాళ్లకు ఆకలి ఉండేది కాదు. అదెలాగో చెబుతాను. పెనుకొండ దగ్గరి పల్లెలో మాకు మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు ఉండేవి. పురుగులు మేస్తున్నన్నాళ్లు ఆ షెడ్డు మాకు గుడి, నాయన పూజారి. బీడీ తాగినవాళ్లు, పౌడరు పూసుకున్నవాళ్లు గడప తొక్కకూడదు. (ఐదో తరగతితో బడి మానేసి అద్దం ముందు చేరిన నాకు అదెంత కష్టమో మీరే ఊహించుకోండి.)

అన్నకు అమరాపురం నుంచి చేసుకొచ్చిన కొత్త వదినకు పురుగుల సంగతి తెలియదు. నాయనదేమో రోజూ ఒకటే పాట: "ఊజీ ఈగ దూరిందంటే పురుగు బతకదు, ఈగను రానీయొద్దండి." ఆ మాట మేమెవరం చెవిన పెట్టలేదు, వదిన ఒక్కతే పెట్టింది. ఒక మధ్యాహ్నం మేమంతా ఆకు కోయడానికి తోటకు పోతే, ఆ మహాతల్లి దోమల బత్తి వెలిగించి, పురుగుల తట్టల కింద పెట్టి, పొగ వృథా కాకూడదని తలుపు కూడా మూసింది. దోమను చంపే పొగ పట్టుపురుగును ముద్దు చేస్తుందా! మేం తిరిగొచ్చేసరికి తట్టల్లో పురుగులు తలలెత్తి మెలికలు తిరుగుతున్నాయి. కిటికీలు తెరిచి, తట్టలు ఎండ తగలని చోటికి మోసి నానా అవస్థా పడ్డాం. వెనక వరుసలు దక్కాయి, ముందు వరుస మొత్తం పోయింది.

నాయన తువ్వాలు నేలకేసి కొట్టాడు. "ఈయమ్మను ఈ పొద్దే వాళ్ల ఊరికి పంపించేస్తా. మళ్లా పిలిచేది లేదు."

"ఈగ వస్తాదని మీరే చెప్తిరి కదా మామా... పాపం పురుగులని పెడితి," అంది వదిన, తలుపు చాటునుంచి. అన్న గోడకు ఆనుకొని గోరు కొరుక్కుంటున్నాడు. నేను మాత్రం, వదిన పోతే ఆమె పెళ్లికి తెచ్చుకున్న అద్దాల పెట్టె నాకు వస్తుందా, పుట్టింటికి వెంట తీసుకుపోతుందా అని తెగ ఆలోచిస్తున్నాను.

అప్పుడు మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, వంటింట్లోంచి కేకేసింది. "ఏమిరా, సంగటి తింటివా?"

"నాకు ఆకలి లేదు."

"ఆకలి లేనోనికి అంత గొంతు యాడ్నుంచి వచ్చె? కూర్చో. ఈ ఇంట్లో తినకుండా ఎవురూ శిక్ష చెప్పేది లేదు. మీ నాయనకూ ఇదే చెప్తి, నీకూ ఇదే."

నాయన కూర్చున్నాడు. సంగటి ముద్ద విరిచి, చెనక్కాయలు నూరిన ఊరిబిండిలో అద్ది, "ఈ పొద్దే పంపిస్తా," అన్నాడు. ఇంకో ముద్ద మింగి, "పున్నమి పోయినాక పంపిస్తా," అన్నాడు. ఆ తర్వాత, "వాళ్ల నాయనను పిలిపించి ఒక మాట చెప్తా, అంతే," అన్నాడు. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి వేళ్లు నాకుతూ, "ఊరిబిండి బాగుండాది, ఎవురు నూరింది?" అని అడిగాడు.

"పంపించేస్తానంటివే, ఆయమ్మే," అంది అవ్వ.

నాయన చెంబు ఎత్తి గటగటా నీళ్లు తాగాడు. నాకు మాత్రం అద్దాల పెట్టె చేజారిపోయింది.

"అట్లని శిక్ష లేకుండా యాడికి పోతాది?" అంటూ అవ్వ షెడ్డు బీగం చెవి తెచ్చి వదిన చేతిలో పెట్టింది. "గూళ్లు మార్కెట్టుకు పోయేదాకా కావలి నీది."

"ముంచినామెకే అప్పజెప్తావేందే అమ్మా!"

"ఇంక ఈ జన్మలో ఆడ బత్తి పెట్టనిది ఎవురన్నా ఉంటే ఈమే. కొత్తోళ్లను పెడితే మళ్లా మొదట్నుంచి నేర్పించల్ల."

ఆ పొద్దు నుంచి వదిన వాకిట్లో నిలబడి మమ్మల్ని కుక్కపిల్లలా వాసన చూసి లోపలికి పంపేది. నన్నెన్నిసార్లు మొహం కడుక్కోమని వెనక్కి తోలిందో! ఇంతలో నాయన హిందూపురంలో ఎవరిదో పెళ్లికి పోయి, పన్నీరు, సెంటు చల్లించుకొని, పురుగులు పండి గూళ్లు కట్టే వేళని ఆత్రంగా సరాసరి షెడ్డులోకి దూరాడు. వెనకనుంచి వదిన పట్టుకుంది. ఇల్లంతా గుమిగూడింది.

"చెప్పమ్మా, ఈయప్పకేం శిక్ష?" అంది అవ్వ, నవ్వు ఆపుకుంటూ. నాయన పలక మరిచిన పిల్లాడిలా నిలబడ్డాడు.

వదిన కొంగు సర్దుకొని, "మామా, పెళ్లిలో అన్నం తింటిరా?" అని అడిగింది.

"యాడ తింటిమ్మా... పురుగులు గుర్తొచ్చి బస్సెక్కితి."

"ముందు నీళ్లు పోసుకొని రాండి, సంగటి పెడతా. శిక్ష సంగతి తర్వాత చూద్దాం."

ఆ తర్వాత అనేది ఇప్పటిదాకా రాలేదు. మిగిలిన పురుగులు చక్కగా గూళ్లు కట్టాయి. అద్దాల పెట్టె కూడా నాకు వచ్చింది. నా పెళ్లినాడు వదినే చేతిలో పెట్టింది.

కోపం చల్లారడానికే అవ్వ అన్నం పెట్టేదని చాలాకాలం అనుకున్నాను. శిక్ష వేసేవాడు ఎదుటివాళ్ల చేతివంట తింటే, ఆ చేయి తప్పొక్కటే కాదు, ఇంకేమేం చేసిందో కూడా గుర్తుకొస్తుందని ఇప్పుడు తెలుస్తోంది. ధర్మవరంలో ఈనాడు నా మనవళ్లు ఒకరిమీద ఒకరు ఫిర్యాదు తెస్తే, "ముందు తింటిరా?" అంటాను. "అవ్వా, ఇది కోర్టా, హోటలా?" అంటారు గడుగ్గాయిలు. ఆ పెట్టె అద్దంలో చూసుకుంటే అచ్చం మా అవ్వ మొహమే కనబడి, నాలో నేను నవ్వుకుంటాను.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట కోపం వచ్చిన పూట కుండలో సంగటి ఉండాలి, పెట్టే చేయి ఉండాలి, తిన్నాక కోపం ఎందుకొచ్చిందో ఎవరికీ గుర్తు లేకుండా పోవాలి.