గోదావరి వంతెన మీద ఆరు ఇంజన్ల విమానం

క్రేన్ కొక్కెం విమానం వీపు మీదికి దిగుతుండగా రాజమల్లు వెళ్లి దాని ఎడమ రెక్క కింద కూర్చున్నాడు.

"దీంతోని నన్ను గూడ ఎత్తుండ్రి. ఇద్దరం గల్సే పోతం" అన్నాడు.

క్రేన్ డ్రైవర్ చెయ్యి ఆపేశాడు. డప్పులు ఆగిపోయాయి. మా వెనక గోదావరి వంతెన మీద వరసగా నిలబడ్డ ట్రాక్టర్ల హారన్లు మాత్రం ఆగలేదు. వాటి మీద వేరే కాలనీల వినాయకులు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. రాజమల్లు కాలనీ మట్టి వినాయకుడు అప్పటికే నీళ్లలోకి వెళ్లిపోయాడు. ట్రాక్టర్ ట్రాలీ మీద మిగిలింది ఆయన్ను తొమ్మిది రోజులు వీపున మోసిన రేకు విమానం.

"లే అన్నా" అన్నాడు ఉత్సవ సంఘం అధ్యక్షుడు సంపత్. "పోలీసులు పది నిమిషాలే టైం ఇచ్చిన్రు. దేవుని ముంగట గీ లొల్లేంది?"

"దేవుడు నీళ్లల్లకు పాయె గద. ఇగ ముంగట ఎవరున్నరు?"

ఎవరూ నవ్వలేదు. ఆ విమానాన్ని కూడా గోదావరిలో వేయాలని కాలనీలో సగం మంది పట్టుబట్టారు. వేయకూడదని పట్టుబట్టింది రాజమల్లు ఒక్కడే. నేను వాళ్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డాను. అక్కడిదాకా ఎలా వెళ్లానో ముందు చెప్పాలి.

రాజమల్లు గోదావరిఖని పక్కన, నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. డంపరంటే మనం రోడ్డు మీద చూసే టిప్పర్ కాదు. దాని టైరు పక్కన మనిషి నిలబడితే టైరే ఎత్తు. అతను నాకు 2016 మే నెలలో శంషాబాద్‌లో పరిచయం. ప్రపంచంలోకెల్లా పెద్ద సరుకు రవాణా విమానం, ఉక్రెయిన్ వాళ్ల మ్రియా, ఆస్ట్రేలియా పోతూ మధ్యలో హైదరాబాద్‌లో ఆగింది. వాళ్ల భాషలో ఆ పేరుకు కల అని అర్థం. పత్రిక తరఫున వెళ్లి వార్త రాసి, తిరిగి వస్తూ విమానాశ్రయం కంచె పక్కన రోడ్డు మీద ఆగాను. ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని ఒక మనిషి కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. డ్యూటీ నాగా పెట్టి, రాత్రంతా బస్సులో వచ్చాడట.

"వంద టన్నులు నేను నేల మీద మోస్తెనే, ఎత్తెక్కేటప్పుడు బండి మూల్గుతది సార్" అన్నాడు. "గది గాలిల మోస్తది."

విమానం లేచేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. నేలమీద ఉన్నప్పుడు కిందికి వాలి ఉన్న రెక్కలు, పరుగు అందుకున్నాక బరువు తమ మీదికి తీసుకుని మెల్లగా పైకి వంగాయి. నేను దాని పొడవు, ఇంజన్లు రాసుకున్నాను కానీ రెక్కలు చూడలేదు. చూపించింది అతనే. అప్పట్నుంచి మేం ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లం. అతను దాన్ని పేరుతో పిలవడు, పెద్దబండి అంటాడు.

2022 ఫిబ్రవరి చివర్లో యుద్ధం మొదలైన రోజుల్లోనే, కీవ్ దగ్గర తన షెడ్డులో ఉండగానే ఆ విమానం కాలిపోయింది. రాజమల్లు ఫోన్ చేశాడు. "మా దగ్గర బండి కాలితే ఆపరేటర్ బయటవడ్డడా అని ముందు అడుగుతరు సార్. అండ్ల ఎవలన్న ఉండిరా?" నాకు తెలియదన్నాను. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే, పాత ఇనుము కొట్టు వెనక జాగా అడుక్కుని, అతను రేకు కత్తిరించడం మొదలుపెట్టాడు.

నిమజ్జనానికి ముందు రోజు ఉదయం సికింద్రాబాద్‌లో కాగజ్‌నగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పండుగ రోజుల్లో ఈ దారిలో రిజర్వేషన్ లేకుండా బయల్దేరకండి. కాజీపేట దాకా తలుపు దగ్గర నిలబడేవాళ్లే ఎక్కువ. కాజీపేటలో ఇడ్లీ పొట్లం కొన్నాను. చట్నీ నీళ్లలా ఉంది కానీ ఇడ్లీ వేడిగా ఉంది. జమ్మికుంట దాటాక రెండు వైపులా పత్తి చేలు. ఎదురు సీట్లో నస్పూర్ వెళ్తున్న ఒకావిడ ఎక్కడిదాకా అని అడిగింది. రామగుండంలో దిగి ఒక విమానం చూడాలన్నాను.

"ఇమానం జూడ రామగుండం బోతున్నవా సార్? మా దిక్కోళ్లంత ఇమానం జూడ హైదరాబాద్ బోతరు!" అంది. పెట్టెలో సగం మంది నవ్వారు. నేనూ నవ్వాను.

రామగుండంలో దిగేసరికి పన్నెండు దాటింది. స్టేషన్ బయట షేర్ ఆటోలు దొరుకుతాయి. గోదావరిఖని చౌరస్తా దాకా అరగంట. ముక్కుకు కట్టుకోవడానికి ఒక రుమాలు చేతిలో ఉంచుకోవడం మంచిది. బస్టాండ్ దగ్గర లాడ్జిలో గది దొరికింది. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. కింద హోటల్లో అన్నం తింటుండగా గనిలో పేలుడుకు గాజు గ్లాసులు గలగలమన్నాయి. తింటున్నవాళ్లలో ఒక్కరూ తల ఎత్తలేదు.

సాయంత్రం రాజమల్లు వచ్చి కార్మికుల క్వార్టర్ల మధ్య ఉన్న మైదానానికి తీసుకెళ్లాడు. పందిరి కింద ఉన్న విమానం చుట్టూ రెండుసార్లు తిరిగాను. ముక్కు నుంచి తోక దాకా పద్దెనిమిది అడుగులు. తెల్ల రంగు మీద నీలం, పసుపు చారలు. ఆరు ఇంజన్లు, పొట్ట కింద పాత బేరింగులతో చేసిన ముప్పై రెండు చక్రాలు. నేను శంషాబాద్‌లో చూసిన ఆ వాలు రెక్కలు. వీపు మీద మట్టి వినాయకుడు.

"వీపు మీద ఎందుకు కూర్చోబెట్టారు?" అన్నాను.

"పెద్దబండి పుట్టిందే వీపు మీద మోసేటందుకు సార్. అంతరిక్షంలకు పోయే బండిని మోసేటందుకు జేసిన్రు. తోక ఒక్కటే నడుమ నిలవడితె, ముంగట సామానుకు తాకిన గాలి దాన్ని ఆగమాగం జేస్తది. అందుకనే రెండు తోకలు, గా చివర ఒకటి, ఈ చివర ఒకటి."

ఈ ఏడు పందిరికి కొత్త అలంకరణ కావాలని సంఘం వాళ్లు అడిగితే ఇచ్చాడట. తొమ్మిది రోజులయ్యాక ఇంటికి తెచ్చుకోవాలని అతని ఆలోచన. నేను గమనించింది ఇంకోటి. విమానం ముక్కుకు పసుపు పూసి ఉంది. ప్రతి ఇంజన్‌కూ బంతిపూల దండ ఉంది. ముక్కు కింద కొబ్బరికాయ పగిలిన తడి కనిపించింది.

"ఇవన్నీ పూజారి చేశారా?"

"నేనే. అలవాటు సార్. డంపర్ ఎక్కే ముందు మెట్టుకు మొక్కకుంటె నా చెయ్యి స్టీరింగ్ మీద నిలవది. దీనికి మొక్కకుంట ఎట్లుండాలె?"

మర్నాడు పదింటికి ఊరేగింపు కదిలింది. రెక్కలు కాలనీ సందుల్లో పట్టవు కాబట్టి కొసల బోల్టులు విప్పి, వాటిని పక్కన పెట్టి, పెద్ద రోడ్డు మీదికి వచ్చాక మళ్లీ బిగించారు. రాజమల్లు ట్రాలీ పక్కనే నడిచాడు. కరెంటు తీగ ఎదురైనప్పుడల్లా చెయ్యెత్తి ట్రాక్టర్‌ను ఆపాడు. వంతెన చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. మంథని నుంచి వచ్చిన పూజారి నారాయణశర్మ ఉద్వాసన చెప్పారు. క్రేన్ వినాయకుణ్ణి ఎత్తి నీళ్లలోకి దించింది. జై అన్న కేక అణగకముందే, హారతి పళ్లెం పట్టుకున్న సారక్క ముందుకొచ్చింది.

"ఇమానం గూడ పోవాలె" అంది.

సారక్క రాజమల్లుకు వరసకు అక్క. ఆమె భర్త ఓదెలు భూగర్భ గనిలో పనిచేస్తాడు. ఇక్కడివాళ్లు దాన్ని బాయి అంటారు.

"గది రేకు అక్కా. దేవుడు పాయె" అన్నాడు రాజమల్లు.

"రేకయితె రేకని మొదలే అనాలె తమ్మీ. కొబ్బరికాయ గొట్టింది నువ్వు. తొమ్మిది దినాలు పసుపు వెట్టింది నువ్వు. దేవునితోని పూజలందుకున్నదాన్ని మల్ల ఇంటికి దెచ్చుకుంటరా ఎవలన్న, కీడు గాదా? మీ బావ గిప్పుడు బాయిల ఉన్నడు."

పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లలో చాలామంది ఇళ్లలోని మగవాళ్లు ఆ సమయానికి భూమి కింద ఉన్నారు. అప్పటిదాకా మొండి పట్టుదల అనుకున్నది భయమని నాకు అప్పుడు అర్థమైంది. సంపత్ క్రేన్ వైపు చెయ్యి ఊపాడు. రాజమల్లు వెళ్లి రెక్క కింద కూర్చున్నది అప్పుడే.

ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి లాగబోయారు. "వాణ్ణి ముట్టకుండ్రి" అని సారక్కే అరిచింది. ఏం చేయాలో తోచక సంపత్ పూజారి వైపు తిరిగాడు. "అయ్యగారూ, మీరే జెప్పుండ్రి."

నారాయణశర్మ తొందరపడలేదు. "మా దగ్గర ఉత్సవం అయినంక నంది వాహనాన్ని ఏంజేస్తమో చూసిన్రా? తుడిచి గుడి కొట్లె పెడ్తం. నీళ్లు మట్టి విగ్రహానికి. వాహనానికి కాదు" అన్నారు.

రాజమల్లు రెక్క కింద నుంచి బయటికి వచ్చాడు. "అయితె ఇంటికి తీస్కపోత అయ్యగారూ."

"అదీ కాదు నాయనా. పూజ చేసినవ్ గదా, ఇగ నీది కాదు. మళ్ల ఏడు ఆయననే మోయాలె. నీ ఇంట్ల ఉండొద్దు."

"రెండేండ్లు జేసిన అయ్యగారూ."

"చేసినవ్. ఇచ్చినవ్."

రాజమల్లు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. సారక్క ఇంకా కదల్లేదు. "అయ్యగారు శాస్త్రం జెప్పిన్రు. నా పానం ఒప్పుకోవాలె గద. ఆయన పైకొచ్చిన్నని ఫోన్ జేసేదాక దీన్ని వాపస్ తిప్పనియ్య."

"సరే అక్కా" అన్నాడు రాజమల్లు. "బావ ఫోన్ జేస్తె గుడికి. చెయ్యకుంటె నేనే దొబ్బుత గోదాట్లకు."

ట్రాక్టర్‌ను వంతెన చివరికి తెచ్చి పక్కకు ఆపారు. మొదటి షిఫ్టు మూడింటికి అయిపోతుంది. పైకి వచ్చి, టోపీ దీపం అప్పగించి, స్నానం చేసి మూడున్నరకల్లా ఓదెలు ఫోన్ చేస్తాడట. మూడున్నర అయింది. సారక్క నంబర్ నొక్కింది, స్విచాఫ్. సంపత్ ఏదో జోక్ వేయబోయి మానేశాడు. నాలుగింటికి ఇంకో ఆమె ఫోన్ మోగింది. ఆమె భర్త పైకి వచ్చాడు. "ఓదెలన్న కనవడ్డడా?" అని అడిగింది. చూడలేదన్నాడు.

సారక్క పళ్లెం ఒంటిచేత్తో పట్టుకుని మళ్లీ నంబర్ నొక్కింది. కుంకుమ ఒలికింది. రాజమల్లు ట్రాలీ ఎక్కి, జేబులోంచి పానా తీసి, ఎడమ రెక్క కొసన మొదటి బోల్టు విప్పాడు. రెండోది విప్పాడు. నీళ్లలోకి నెట్టాలంటే రెక్కలతో పిట్టగోడ దాటదు. నేను అతని భుజం మీద చెయ్యి వేస్తే తోసేశాడు. "మాటిచ్చిన సార్" అన్నాడు.

మూడో బోల్టు మీద పానా ఉండగా సారక్క ఫోన్ మోగింది. కంగారులో స్పీకర్ నొక్కింది.

"లడ్డు వేలం ఎవలు పాడిన్రే?" అన్నాడు ఓదెలు.

"యాడ జచ్చినవ్ గింతసేపు!"

"ఫోన్ల చార్జింగ్ లేకుండె. క్యాంటీన్ల పెట్టి చాయ్ తాగుతున్న. ఏమాయె?"

"నీ లడ్డు పాడుగాను!" అని సారక్క రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. డప్పులవాళ్లు ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టారు.

పూజారి ఫోన్ చేసి, నది ఒడ్డున ఒక చిన్న గుడి వెనక రేకుల షెడ్డులో చోటు అడిగారు. చీకటి పడకముందే విమానాన్ని అక్కడికి చేర్చాం. సారక్క దాని రెక్క మీద చెయ్యి పెట్టి మొక్కింది. రాజమల్లు మొక్కలేదు. దండలు తీసి, ఒక్కొక్క ఇంజన్‌ను తువ్వాలుతో తుడిచి బయటికి వచ్చాడు.

మర్నాడు ఉదయం స్టేషన్‌కు అతనే బండి మీద దింపాడు. రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. ఇద్దరం చాయ్ తాగాం.

"వాళ్ల దగ్గర సగం కట్టిన ఇంకో పెద్దబండి ఉన్నదంటరు గద సార్. అది లేస్తదా?"

"మళ్లీ కడతామన్నారు. యుద్ధమే ఇంకా ఆగలేదు."

"ఆగినంక లేస్తదంటవా?"

రైలు వచ్చింది. పెద్దపల్లి దాటేదాకా కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. ఎక్కడో దూరదేశంలో కాలిపోయిన విమానం కోసం ఇంతగా బాధపడ్డ మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. తన మనిషి పైకి రావాలని దాన్ని నీళ్లలో కలపమన్న సారక్కనూ తప్పుపట్టలేను. ఆ ఊళ్లో బరువు మోసే ప్రతిదానికీ మొక్కుతారు. మొక్కిన తర్వాత అది తమది కాకుండా పోతుందని రాజమల్లుకు ముందు ఎవరూ చెప్పలేదు.

ఇది రాస్తున్న రోజుకు విమానం ఆ షెడ్డులోనే ఉంది. కార్తీక స్నానాలకు వచ్చేవాళ్ల కోసం షెడ్డు ఖాళీ చేయాలని గుడివాళ్లు చెప్పారు. తర్వాత ఎక్కడ ఉంచాలో తేల్చడానికి కాలనీ సంఘం రెండుసార్లు కూర్చుంది. ఇంకా తేలలేదు.