పిట్టకు పెట్టిన చేప

చేపలు పట్టడం నాకు సుతరామూ గిట్టదు. ఎదురుగా సముద్రం, చేతిలో దారం, నోట మాట లేకుండా గంటల తరబడి కూర్చునే మనుషుల్ని చూస్తే ఒళ్ళు మండుతుంది. మార్కెట్‌కి పోయి ఒక చేప కొనుక్కుంటే తీరిపోయేదానికి ఇంత తతంగం ఎందుకని లస్మయ్య కాకతో ఎన్నోసార్లు గొడవపడ్డాను. అయినా ఆ శుక్రవారం తెల్లారుతూనే క్యాంపు పికప్ తీసి, కాకనీ గజేందర్‌నీ ఎక్కించుకుని ఖతర్‌లోని మెసయీద్ దాటించి సముద్రం ఒడ్డున దించింది నేనే. గజేందర్ భార్య విజయరాణి చనిపోయింది. ఆ రోజు ఊళ్ళో ఆమె దినాలు.

గజేందర్‌ది మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. ఇక్కడ స్టీలు ప్లాంటులో పరంజాలు కట్టే స్కఫోల్డింగ్ పని. నాది కోరుట్ల, కంపెనీలో డ్రైవర్ని. ఇద్దరిదీ ఒకటే గది, అతనిది కింది మంచం, నాది పై మంచం. పెళ్ళయిన ఏడాదే అతను ఖతర్ వచ్చాడు. వాళ్ళమ్మ రాములవ్వ మాత్రం ఇప్పటికీ అందరికీ కొడుకు దుబాయ్‌లో ఉన్నాడనే చెబుతుంది. రెండేళ్ళకోసారి సెలవు మీద పోయి రెండు నెలలుండి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ గదిలో మాకు ఒకటే కథ, విజయ వండిన చేపల పులుసు. పొద్దున్నే చెరువు దగ్గరికి పోయి చేపలు తానే తెచ్చేవాడట. ఆమె కట్టెల పొయ్యి మీద వండేదట. వడ్డించి, ఎదురుగా కూర్చుని, అతను తింటుంటే చూసేదట. వినీ వినీ మాకు చెవులు చిల్లులు పడేవి. మెస్‌లో చేప వండిన రోజు, "వదిన చేతిది కాదుగానీ ఇయ్యాల్టికి సర్దుకో భాయ్" అని ఏడిపించేవాణ్ణి. సిగ్గుపడుతూ నవ్వేవాడు.

ఆమెకు డెంగీ అన్నారు. కరీంనగర్ ఆసుపత్రిలో చేర్చామన్నారు. అప్పటికి గజేందర్ పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చి ఉంది. అది చేతికొచ్చేసరికి ఊళ్ళో అంతా అయిపోయింది. దహనం వీడియో కాల్‌లో చూశాడు. మెస్ వెనక గ్యాస్ సిలిండర్ల దగ్గర నిలబడి చూశాడు, నేను పక్కనే ఉన్నాను. మధ్యలో సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ కలపడానికి అతను ప్రయత్నించలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, "భాయ్, రేపు నీది మార్నింగ్ డ్యూటీనే కదా?" అని అడిగాడు.

మర్నాడు తనూ డ్యూటీకి పోయాడు. ఇప్పుడు ఊరికి పోయి చేసేదేముందన్నాడు. వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు. ఎవరో ఫోన్‌లో తమాషా వీడియో చూపిస్తే నవ్వాల్సిన చోట నవ్వాడు కూడా. నాకు మొదట జాలేసింది, తర్వాత భయమేసింది, చివరికి కోపమే వచ్చింది. ఒకరోజు బట్టలు ఉతుక్కుంటుంటే పట్టుకుని అడిగేశాను.

"అరే, ఏడ్వవా నువ్వు?"

"వస్తలేదు భాయ్. దవాఖానల సూదిచ్చి పన్ను పీకుతరు చూడు, గట్ల ఉన్నది," అన్నాడు. చొక్కా పిండి తాడు మీద ఆరేశాడు.

గురువారం సాయంత్రం రాములవ్వ ఫోన్ చేసింది. "రేపు పిట్టకు పెట్టాలె బిడ్డా. కోడలికి దేని మీద పానం ఉండేదో మొగనివి నువ్వు చెప్పాలె," అంది. గజేందర్ ఆలోచించను కూడా లేదు, చేపల పులుసు అన్నాడు.

పిట్టకు పెట్టడమంటే మా వైపు హిందువుల ఇళ్ళల్లో పెద్ద పట్టింపు. పోయినవాళ్ళు ఇష్టంగా తిన్నవన్నీ వండి, విస్తరాకులో వడ్డించి, దూరంగా జరిగి కాకి కోసం చూస్తారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిగా వెళ్ళిపోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అందరూ బెంగపడతారు. అలాంటి ఇంటి పక్కనే పెరిగినవాణ్ణి కాబట్టి చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను.

ఆ ఫోన్ మాటలు లస్మయ్య కాక విన్నాడు. ఆయన మా క్యాంపులో ప్లంబరు, అందరికంటే పెద్దవాడు. గోదావరి ఒడ్డున గంగపుత్రుల ఇంట్లో పుట్టి వల మీదే పెరిగినవాడు. ఇక్కడ వల లేకపోయినా నీళ్ళ సీసాకు చుట్టిన నైలాన్ దారం, ఒక గాలం, ఒక సీసం గుండు చాలు ఆయనకు. మా గది గుమ్మంలో నిలబడి గజేందర్‌ని నిలదీశాడు.

"ఆడ మీ అవ్వ పెడ్తది సరే. ఈడ మొగడు ఉత్తగ కూసుంటడా? నువ్వే పట్టాలె, నువ్వే వండాలె, నువ్వే పెట్టాలె. పిట్ట ముట్టిందంటే ఆ పిల్ల పానం సల్లబడ్తది. నీ పానం గూడ జర కదుల్తది."

"ఈడ కాకులేడున్నయి కాకా?" అన్నాను నేను.

"సముద్రం పిట్టలు లేవా? నువ్వు బండి తియ్యి, తక్కింది నాకిడ్సిపెట్టు."

గజేందర్ ఇద్దరి వైపూ చూసి, సరే అన్నాడు. వద్దన్నా అదే గొంతుతో అనేవాడు.

కాక మమ్మల్ని రాళ్ళు నీళ్ళలోకి పొడుచుకొచ్చిన చోటికి తీసుకుపోయాడు. నవంబరు కదా, ఎండ ఇంకా సుఖంగానే ఉంది. వెనక దూరంగా ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తున్నాయి. నేను జుమ్మా నమాజుకి తిరిగి రావాలని ముందే చెప్పేశాను. కాక విననట్టే ఎరకు తెచ్చిన రొయ్య వలిచి గాలానికి గుచ్చాడు, దారం విసిరి గజేందర్ చేతిలో పెట్టాడు.

"దారం చూపుడు వేలు మీద ఉంచు. హమూర్ చాపంటే మన మట్టగిడిస లెక్క గాదు. ఎర మింగంగనే రాళ్ళ సందులకు ఉరుకుతది. ఒక్కసారి సొచ్చిందంటే దారం తెగాల్సిందే గని బయటికి రాదు. తెల్వంగనే గుంజు, ఆగకు."

గజేందర్ తల ఊపాడు. కాసేపటికి దారం లాగి చూస్తే ఎర లేదు. మళ్ళీ గుచ్చారు, మళ్ళీ పోయింది. మరోసారి దారమే తెగింది. నాకు చిరాకెత్తి, "చాపలకు దావత్ ఇస్తున్నవా భాయ్?" అన్నాను. కాక నా వైపు ఒక చూపు చూశాడు, నోరు మూసుకున్నాను.

"వేలు మీద ఏం తెలుస్తలేదా కొడుకా?"

"ఏం తెలుస్తలేదు కాకా."

అలాంటి మాట ఎవరన్నా ఆయన విసుక్కుంటాడు. నన్నైతే ఎన్నిసార్లు తిట్టాడో. ఆ రోజు మాత్రం విసుక్కోలేదు. లేచి వెళ్ళి గజేందర్ వెనక కూర్చున్నాడు. తన చేయి చాపి అదే దారం మీద తన వేలు కూడా ఆనించాడు. ఇద్దరూ కదలకుండా చాలాసేపు ఉన్నారు. నాలాంటివాడు కూడా మాట్లాడకుండా కూర్చున్నాడంటే అర్థం చేసుకోండి.

"ఇగో," అన్నాడు కాక మెల్లగా. "మూతి పెట్టి చూస్తున్నది... ఆగు... ఇప్పుడు!"

గజేందర్ లాగాడు. దారం అరచేతుల్ని కోస్తున్నా వదలకుండా లాగాడు. మోచెయ్యంత హమూర్ రాళ్ళ మీద పడి కొట్టుకుంది. గోధుమరంగు ఒంటి మీద మచ్చలు, లావాటి పెదాలు. నేను ఎగిరి గంతేశాను, చేపలు పట్టడం నాకు గిట్టదన్న సంగతే మర్చిపోయాను. గజేందర్ అరచేతి గాటును చూసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

చిన్న గ్యాస్ స్టవ్, గిన్నె, చింతపండు, కారం మెస్ నుంచి తెచ్చుకున్నాం. కాక చేప కోసిచ్చాడు గానీ గరిటె గజేందర్ చేతికే ఇచ్చాడు.

"విజయమ్మ మెంతులు ఏసేదా?"

"ఏమో కాకా."

"పులుసు ముందుగాల పోసేదా, ముక్కలు వేయించినంకనా?"

"నేను తినుడే గని చూడలే."

కాక నిట్టూర్చి తనకు తెలిసినట్టు చెబుతూ పోయాడు, ఇతను చెప్పినట్టు చేస్తూ పోయాడు. పిట్ట ముట్టకముందు రుచి చూడకూడదు కనుక ఉప్పు సరిపోయిందో లేదో ఎవరికీ తెలియదు. రేకు పళ్ళెంలో అన్నం, పులుసు పెట్టి, గజేందర్ దాన్ని రాళ్ళ చివర ఉంచి వచ్చాడు. అతను మా దాకా రాకముందే ఒక తెల్ల పిట్ట దిగి పెద్ద ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది. దాని వెనకే ఇంకో నాలుగు దిగాయి.

"ముట్టింది!" కాక రెండు చేతులూ జోడించాడు. ముసలాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పోయి రా విజయమ్మా, సల్లగ పోయి రా తల్లీ."

గజేందర్ ఖాళీ పళ్ళెం వైపు చూశాడు. "అయిపోయిందా కాకా? పోదామా?" అన్నాడు.

నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కాక మొహం ఎలా అయిపోయిందో వాడికి కనబడనే లేదు. ముసలాయన వంగి స్టవ్ సర్దడం మొదలుపెట్టాడు.

అప్పుడే ఫోన్ మోగింది. గజేందర్ చేతులకు పులుసు అంటుకుని ఉంది, నేనే తీసి స్పీకర్ పెట్టాను. కూతురు అక్షర. పదో తరగతి చదువుతుంది.

"బాపూ, పిట్ట ముడ్తలేదు," అంది. "పొద్దటిసంది చూస్తున్నం. గోడ మీద కూసుంటున్నయి, చూస్తున్నయి, పోతున్నయి. నానమ్మ ఏడుస్తున్నది."

"ఈడ ముట్టింది బిడ్డా. చాపల పులుసే పెట్టిన."

"అమ్మ చాపలు తినదు బాపూ."

"తినకపోవుడేంది? నేను వచ్చినప్పుడల్లా వండేది గద."

"నీకని వండేది. అమ్మకు ఆ వాసనకే కడుపుల తిప్పేది. ముక్కుకు కొంగు కట్టుకోని కడిగేది. నువ్వు తిని పండుకున్నంక తొక్కు ఏసుకోని బువ్వ తినేది. నీకు చెప్పొద్దన్నది. ఉండేదే రెండు నెలలు, చెప్పుడెందుకు అనేది."

కాక చేతిలో స్టవ్ అలాగే ఉండిపోయింది. నేను ఫోన్ పట్టుకుని గజేందర్ మొహం వైపు చూడలేక ఇసుక వైపు చూస్తున్నాను.

"మరి ఏమిష్టం మీ అమ్మకు?"

"పాలైసు."

సైకిల్ మీద డబ్బా పెట్టుకుని వీధుల్లో అమ్ముతారే, ఆ పుల్ల ఐసు. నాలుగు చుక్కల పాలు, తక్కినదంతా నీళ్ళూ చక్కెరా.

"నానమ్మ చూస్తే తిడ్తదని తలుపెనక నిలవడి తినేది. సగం నాకు పెట్టేది," అంటోంది అక్షర. "అదే పెడ్దామంటే నానమ్మ వింటలేదు బాపూ. దినాలకు ఐసేంది, మొగనికి తెల్వంది నీకు తెలుసా అంటున్నది. నువ్వు చెప్పు."

కాల్ పోయిందనుకుని అక్షర రెండుసార్లు బాపూ బాపూ అని పిలిచింది.

"నానమ్మకియ్యి," అన్నాడు.

రాములవ్వ ఏడుస్తూనే అందుకుంది.

"అవ్వా, పిల్ల చెప్పినట్టు చెయ్యి."

"చాపలని నువ్వే గదరా చెప్పినవు? ఇన్నేండ్ల సంసారం జేస్తివి, నీకు తెల్వదారా?"

"తెల్వదు."

"ఏందిరా ఆ మాట?"

"నాకు తెల్వదే అవ్వా! అదేం తినేదో, ఏం తినకపోయేదో నాకేం తెల్వదు! అక్షరకు తెలుసు, దాన్నడుగు!"

అంత గట్టిగా అతను అరవడం నేనెప్పుడూ వినలేదు. రాళ్ళ మీది పిట్టలన్నీ లేచాయి. అటువైపు రాములవ్వ ఏడుపు కూడా ఆగిపోయింది. ఎవరినో బండి మీద పంపమంటూ అక్షర చెప్పడం వినిపించింది.

ఫోన్ పెట్టేయలేదు. ముగ్గురం దాని చుట్టూ కూర్చుని ఊళ్ళో వాకిట్లో అలికిడి వింటూ ఉన్నాం. నమాజు వేళ దగ్గరపడుతోంది, నేను గడియారం చూసుకోలేదు. బండి వచ్చిన చప్పుడైంది. కాగితం చింపిన చప్పుడైంది. జరగండి జరగండి అని ఎవరో అన్నారు. తర్వాత ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా ఆడవాళ్ళ కేకలు.

"ముట్టింది బాపూ! రెండు కాకులు!"

ఎండలో కరిగే తీపికి కాకి రావడంలో వింతేముందని నా బుర్ర చెప్పింది. ఒళ్ళు మాత్రం జలదరించింది. కాక మళ్ళీ చేతులు జోడించాడు.

గజేందర్ లేచి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. స్పీకర్ తీసేయడం మర్చిపోయాడు.

"అక్షరా."

"ఆఁ బాపూ."

"నీకేమిష్టం బిడ్డా, తినుటానికి?"

ఆ పిల్ల గొంతు సన్నగా వచ్చింది.

"ఎందుకు బాపూ? నేను గూడ సచ్చిపోతున్ననా?"

గజేందర్ నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడిపోయాడు. ఇన్ని రోజులూ రానిదంతా అప్పుడొచ్చింది. ముక్కూ నోరూ ఏకమై, ఊపిరి అందక, పులుసు చేతులతోనే మొహం తుడుచుకుంటూ ఏడ్చాడు. కాక వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాడు.

"కాదు బిడ్డా, కాదు... తెలుసుకుందామని అడుగుతున్న," అన్నాడు ఎట్టకేలకు.

"చెప్తే యాది పెట్టుకుంటవా?"

"పెట్టుకుంట."

అక్షర ముక్కు ఎగపీల్చింది.

"అయితే ముందుగాల నేను తిననియి చెప్త బాపూ."

"చెప్పు బిడ్డా," అన్నాడు గజేందర్, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని.