గేటు దగ్గర కార్డుల గుత్తి

"పాప క్లాసులోనే ఉందండి, మీరు కంగారు పడకండి" అన్నాడు స్కూలు కరస్పాండెంటు, కంప్యూటర్ తెర నా వైపు తిప్పుతూ.

నా చంకలో ఉన్నది మా పాపే. చెమటకి యూనిఫాం ఒంటికి అంటుకుపోయి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నా మెడ వదలకుండా పట్టుకుని ఉంది. ఆ మనిషి పిల్ల మొహం చూస్తేనా! తెర మీద పచ్చరంగులో ఉన్న పేరు చూస్తున్నాడు.

"మరి ఇదెవరండీ?" అని అరిచాను. ఆ 'అండీ' నోటికున్న అలవాటు కొద్దీ వచ్చిందే గానీ గౌరవంతో కాదు.

రామచంద్రపురంలో ఆ స్కూలు వాళ్ళు ఆ ఏడాదే గేటుకి మెషీన్ పెట్టారు. పిల్ల కార్డు దగ్గరికి తెస్తే కుయ్యిమంటుంది, హాజరు పడుతుంది, మన ఫోనుకి 'మీ పాప క్షేమంగా స్కూలుకి చేరింది' అని మెసేజ్ వస్తుంది. నేను పక్క ఊళ్ళో గవర్నమెంటు బడి టీచర్ని. నా క్లాసులో పేరు పిలిచి, పిల్ల పలికితేనే హాజరు వేస్తాను. "ఊళ్ళో పిల్లలకి నువ్వూ, నీ పిల్లకి మెషీనూనా?" అని మా అత్తగారు దెప్పితే విననట్టు ఊరుకునేదాన్ని. ఆ మెసేజ్ చూసుకుంటే నాకు ధైర్యంగా ఉండేది మరి.

చిన్నపిల్లలు కార్డులు ఎక్కడో పారేసుకుంటున్నారని వ్యాన్‌లో వచ్చే ఆయా వాటన్నిటినీ ఒక రింగుకి గుచ్చి తన దగ్గరే పెట్టుకుంది. రోజూ వ్యాన్ ఆగగానే ముందు తను దిగి, ఆ గుత్తిని పేకముక్కల్లా విప్పి మెషీన్ ముందు పట్టుకునేది. కుయ్ కుయ్‌మని అందరి హాజరూ పడిపోయేది. పిల్లలు ఆ తర్వాత దిగేవారు. అందరికీ సుఖంగానే ఉంది. నాకూ తెలుసు ఈ సంగతి, నాకూ బాగానే ఉంది.

ఆ రోజు రెండో ట్రిప్పులో మా పాప వెనక సీట్లో నిద్రపోయి కిందికి జారింది. ఎవరూ చూడలేదు. డ్రైవరు వ్యాన్‌ని కాలవ గట్టు మీద పెట్టి, తాళం వేసుకుని టిఫినుకి పోయాడు. మెసేజ్ నాకు ఎప్పటిలాగే వచ్చింది. ఎండెక్కాక, పక్కన కొబ్బరికాయలు వలిచేవాళ్ళు ఏడుపు విని అద్దం పగలగొట్టి పిల్లని బయటికి తీశారు. బ్యాగు మీద నంబరు చూసి నాకు ఫోన్ చేశారు. వాళ్ళు ఆ పూట పనికి రాకపోయి ఉంటే?

కరస్పాండెంటు మెషీన్ కంపెనీ మనిషిని పిలిపించాడు, తప్పు మెషీన్ మీదికి తోసేద్దామని. వాడు నిజం చెప్పేశాడు.

"కార్డులో బ్యాటరీ ఉండదు మేడం. రీడరు, అదే గేటు మెషీన్, దగ్గరికొస్తే దాని తరంగాల నుంచే కరెంటు తీసుకుని మేలుకుంటుంది. 'ఎవరున్నారు?' అని రీడరు అడుగుద్ది. కార్డు నంబరు చెప్తుంది. విన్నాక 'ఇంక నువ్వు పడుకో' అని రీడరు కమాండ్ ఇస్తుంది. అది నోరు మూసుకుంటుంది, పక్క కార్డు పలుకుతుంది. అలా గుత్తిలో ఉన్నవన్నీ చదివేస్తుందండి."

"ఒక్కో కార్డే చదివేలా పెట్టలేరా?"

"ముందు అలాగే పెట్టామండి. రెండు కలిసి పలికితే రెండూ వద్దనేది. గేటు దగ్గర లైను పెరిగిపోతుందని సారే సెట్టింగు మార్చమన్నారు."

సారు గారు సీలింగు ఫ్యాను వైపు చూశారు. క్లాసు టీచర్ని పిలిచి అడిగాను, పిల్ల లేదని కనపడలేదా తల్లీ అని. "తెర మీద ప్రెజెంట్ అని ఉందండి, బాత్రూంకి వెళ్ళిందేమో అనుకున్నా" అంది. ఎంతసేపు వెళ్తుందమ్మా నాలుగేళ్ళ పిల్ల బాత్రూంకి! ఆ అమ్మాయి ఏడ్చింది. నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది.

పాత సెట్టింగు పెట్టాలనీ, ఒక్కో పిల్లా దిగి తన కార్డు తనే చూపించాలనీ పట్టుబట్టాను. పేరెంట్స్ మీటింగు పెట్టి అందర్నీ అడుగుతానన్నాడు కరస్పాండెంటు. పెట్టించాను. జరిగిందంతా చెప్పాను, కంపెనీ మనిషి చెప్పిన కమాండ్ల సంగతితో సహా. అయ్యో పాపం అన్నారు, పాపకి ఎలా ఉందని అడిగారు. తర్వాత ఆయన, గుత్తి పద్ధతే ఉండాలన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. హాలు నిండా చేతులు లేచాయి.

బయట చెప్పులేసుకుంటుంటే చర్చిలో మా వెనక బెంచీలో కూర్చునే ఆవిడ ఎదురొచ్చింది. వాళ్ళబ్బాయిదీ అదే వ్యాను. ఆవిడా చెయ్యెత్తింది, నేను చూశాను.

"వందనాలండి. ఏమనుకోకండే. మా ఇద్దరివీ ఉద్యోగాలు. ఒక్కొక్కళ్ళూ లైన్లో నిలబడితే వ్యాను రెండో ట్రిప్పు లేటైపోతుందండి, మావాడు ఎక్కేది అదే."

"ఆ రోజు లోపల ఉండిపోయింది మీవాడైతే?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. సాగదీయకుండా, మెల్లగా, నన్ను ఓదారుస్తున్నట్టే చెప్పింది.

"మావాడు వ్యాన్‌లో నిద్రపోడండి."