బ్రేక్‌డౌన్ అల్లుడు

మా అల్లుడు సైకిలెక్కితే అది దారిలో చెడిపోయి తీరాలి. చెడిపోకపోతే ఏదో ఒకటి ఊడిపోవాలి. ఊడడానికేమీ మిగలకపోతే ఆయన కంట్లో నలుసైనా పడాలి. మొత్తానికి ఆగాలి. బయల్దేరినవాడు బయల్దేరినట్టు వెళ్లి దిగిన రోజు నేనెరగను.

పోనీ చేతకానివాడా అంటే, ఆయన ఉద్యోగమే ఆగిపోయినవాటిని కదిలించడం. లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో సగం మేడల్లో జనం ఈయన చలవ వల్లే పైకెక్కి కిందికి దిగుతుంటారు. ఏ లిఫ్టో రెండంతస్తుల మధ్య బిగుసుకుపోయి లోపల మనుషులు గగ్గోలు పెడుతుంటే ఈయనకు ఫోనొస్తుంది. స్కూటరు మీద వెళ్లి, తలుపు తెరిచి, ఒక్కొక్కరినీ చెయ్యిచ్చి దింపుతాడు. ఆ స్కూటరు ఏనాడూ చెడిపోలేదు, అది గమనించండి.

"అంత పెద్ద డబ్బాని గాల్లో నిలబెట్టే మనిషికి ఈ రెండు చక్రాలు లొంగకపోవడమేంటండీ అల్లుడుగారూ?" అని ఒకసారి అడిగేశాను.

"లిఫ్టుకి పట్టాలుంటాయండీ అత్తయ్యగారూ. సైకిలుకేముంది, మన నమ్మకమే కదా!"

మాటకేం లోటు లేదు. అల్లుణ్ని 'మీరు' అనడం మా ఇంటి మర్యాద. ఆ మర్యాద తప్పకుండానే తిడతాను నేను.

ముసలావిడకు సైకిలేమిటని మీరు ముక్కున వేలేసుకోకముందే నా సంగతీ చెప్పాలి. చదువు నాకు అంతంతమాత్రం. రెండో తరగతి పంతులమ్మకూ నాకూ పడలేదు, అక్కడితో సరి. సైకిలు తొక్కడంలో మాత్రం నాతో ఎవరూ పందెం కట్టకండి. మా ఆయన ఇస్త్రీ కొట్లో బట్టలు ఇస్త్రీ చేస్తే, ఆ మూటలు వెనక కట్టుకుని ఇంటింటికీ వేసింది నేను. గుంటల రోడ్ల మీద కూడా ఒక్క చొక్కా మడత నలగనివ్వలేదు. నలిగిందని అన్నవాళ్లకు మళ్లీ బట్టలు వెయ్యలేదు.

ఎండాకాలం వచ్చిందంటే మా ఊరికి సాయంత్రాలే పండగ. నది అవతలి ఒడ్డంతా రంగు దీపాలు, పాటలు, డాన్సులు, ఆరుబయట సినిమా, ఐస్‌క్రీమ్ బళ్లు. శనివారం పొద్దు వాలగానే మా సైకిళ్ల గుంపు బజారు గడియారం దగ్గర కలుసుకుని, పెద్ద వంతెనెక్కి, అవతల దిగుతుంది. మా నాయకుడు పళ్ల డాక్టరు. మెడలో ఈల, ముఖంలో క్రమశిక్షణ. ఆయన తర్వాత నోరున్నది బ్యూటీపార్లర్ అమ్మాయి. హ్యాండిలుకు పాటలపెట్టె కట్టుకుని ఊరంతా వినిపిస్తుంది. వయసులో నేనే పెద్ద. వేగంలోనూ నేనే పెద్దనని చెప్పేదాన్ని గానీ, గుంపులోవాళ్లు ఇది చదువుతారు.

పోయిన చలికాలం ఛాతీలో నెమ్ము చేరి ఆస్పత్రిలో పడ్డాను. మా అమ్మాయి నర్సు. నర్సులు రోగుల్ని బుజ్జగిస్తారు, తల్లుల్ని బెదిరిస్తారు. ఎండలు ముదిరి నేను సైకిలు తుడుచుకుంటుంటే వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అమ్మా, ముందే చెప్తున్నా. దారిలో ఆయాసమొచ్చి ఒక్కసారి ఆగావని నా చెవిన పడిందా, ఆ సైకిలు పాతసామాన్లవాడికి ఇచ్చేస్తా."

"నేను ఆగడమేంటే? ఎవరనుకున్నావు నన్ను?"

"అదే చూస్తా."

మా ఆయన పోయాక ఆయన కొట్టు తాలూకు వస్తువుల్లో నాకు మిగిలింది ఆ సైకిలొక్కటే. అది పోతే నేను కిటికీ దగ్గర కూర్చుని వీధిలో వెళ్లేవాళ్లకు వంకలు పెట్టడం తప్ప చేసేదేముంది? వీధిలోవాళ్ల మేలు కోరైనా ఆ సైకిలు ఉండాలి.

ఆస్పత్రి నుంచి వచ్చేరోజు అక్కడి డాక్టరు కూడా ఏదో చెప్పాడు. సైకిలు తొక్కొచ్చుట, కానీ ఎత్తెక్కేటప్పుడు మధ్యలో కూర్చోవాలిట, ఊపిరి నిదానంగా వదలాలిట. నేను వినలేదు. గోడ మీద బల్లిని చూస్తున్నాను. పక్కనే మా అల్లుడున్నాడు, ఆయన విని ఉంటాడు. ఎవరేం చెప్పినా శ్రద్ధగా వినే రోగం ఉంది ఆయనకి.

ఆ ఎండాకాలమే ఆయనా ఒక సైకిలు కొనుక్కుని మా గుంపులో చేరాడు. పొట్ట తగ్గడానికన్నాడు. పొట్ట ఎక్కడున్నది అక్కడే ఉంది.

మొదటి శనివారమే మొదలైంది. వంతెన సగం ఎక్కామో లేదో, "ఆగండాగండి! టైర్లో గాలి పోయింది" అని కేక. పళ్ల డాక్టరు ఈల వేశాడు. అంతా దిగారు. నేనూ దిగి పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాను. తిట్టడానికి ఊపిరి కావాలి కదా, అందుకని ముందు కాసేపు ఊపిరి తీసుకుని, ఆ తర్వాత తిట్టాను. నా తిట్లు అయ్యేసరికి గాలి నిండింది. ఆయన టైరులో సంగతి చెబుతున్నాను.

మరుసటి వారం చైను ఊడింది. గ్రీజులోనే పుట్టి పెరిగిన మనిషి, ఆ చైన్ని బంగారు గొలుసులాగా రెండు వేళ్లతో పట్టుకుని తిప్పుతాడు, చూస్తాడు, మళ్లీ తిప్పుతాడు. ఆ పైవారం సీటు పక్కకు తిరిగింది. ఇంకోసారి గంట ఊడి దొర్లుకుంటూ పోయింది.

"గంట లేకపోతే సైకిలు కదలదా అల్లుడుగారూ?"

"కదుల్తుందండీ. కానీ ఎదరవాళ్లకి మనం వస్తున్నట్టు తెలియాలి కదా?"

"ఈ పాటల హోరుకి పక్క ఊరివాళ్లకి కూడా తెలుస్తోంది, పదండి!"

చెడిపోవడానికైనా ఒక పద్ధతుండాలి. ఈయన సైకిలు చదునులో చెడదు, పల్లంలో చెడదు, ఇంటికొచ్చే దారిలో అసలే చెడదు. వంతెన ఎక్కేటప్పుడే చెడుతుంది, అదీ ఆ బెంచీ పక్కనే. ఆయన పంక్చర్లకు కూడా సుఖంగా కూర్చునే చోటు కావాలన్నమాట!

ఆయన ధర్మమా అని మేం అవతల ఒడ్డుకు ఏనాడూ వేళకు చేరలేదు. మేం వెళ్లేసరికి పాటగాళ్లు వాయిద్యాలకు గుడ్డలు కప్పుతుండేవాళ్లు. సినిమాకు వెళితే సగం అయిపోయి ఉండేది.

"అంకుల్, ఆ హీరోయిన్ ఎందుకేడుస్తోందో మీవల్ల నాకీ జన్మకి తెలీదు" అంది పార్లర్ అమ్మాయి.

"తెలిస్తే నువ్వూ ఏడ్చేదానివమ్మా. కాటుక పాడయ్యేది."

ఆ పిల్లే 'బ్రేక్‌డౌన్ అంకుల్' అని పేరు పెట్టింది. ఇంటికొచ్చాక నేను దాన్ని 'బ్రేక్‌డౌన్ అల్లుడు' అని దిద్దుకున్నాను. ఆయనకు కోపం రాలేదు. ఆయనకు కోపం రావాలంటే లిఫ్టులో ఎవరైనా ఉమ్మెయ్యాలి.

మా అమ్మాయి తలుపు తీస్తూనే అడిగేది: "ఇవాళ ఎవరు ఆగారు?"

"ఇంకెవరు, మీ ఆయనే!"

"మరి అమ్మ?" అని మొగుణ్ని నిలదీసేది.

"అత్తయ్యగారా? ఆవిడ ఆగమన్నా ఆగరు" అనేవాడు చేతులు కడుక్కుంటూ.

ఎండాకాలం చివరి శనివారం వచ్చింది. ఆ రోజు ఊళ్లోని సైకిళ్ల గుంపులన్నీ చక్రాలకు దీపాలు కట్టుకుని ఒకేసారి వంతెన దాటుతాయి. అవతల పెద్ద డాన్సు. ఆలస్యంగా వెళితే నిలబడడానికే చోటుండదు. ఈసారి ఆగే ప్రసక్తే లేదని డాక్టరు తీర్మానించాడు. గుంపంతా కలిసి మా అల్లుడి సైకిలును షాపులో పెట్టి కొత్త టైర్లు, కొత్త ట్యూబులు, కొత్త చైను వేయించారు. బయల్దేరేముందు డాక్టరు కళ్లజోడు సవరించుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క కమ్మినీ పన్ను చూసినట్టు తట్టి చూశాడు.

"ఏదీ కదలడం లేదు. అన్నీ గట్టిగా ఉన్నాయి" అన్నాడు.

మా అల్లుడి ముఖం పన్ను పీకించుకున్నవాడిలాగే అయిపోయింది.

"ఏం అంకుల్, సంతోషంగా లేదా?" అంది పార్లర్ అమ్మాయి.

"ఎందుకు లేదమ్మా, చాలా సంతోషం" అన్నాడు నావైపు చూస్తూ.

వంతెన మొదట్లో ఎంత బాగుందో చెప్పలేను. ముందూ వెనకా రంగుల చక్రాలు, గంటలు, నవ్వులు. నది మీద నుంచి గాలి. ఆ గాలితోనే వచ్చింది చిక్కు. అది ఎదురుగాలి. ఆ వంతెనను ఎవరో అటు చివర పట్టుకుని లాగి సాగదీసినట్టుంది, ఎంత తొక్కినా తరగదు. గుండెల మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టినట్టు బరువెక్కింది. ఆగితే నా సైకిలు పాతసామాన్లలోకి. ఆగకపోతే నేనే పాతసామాన్లలోకి. మా అల్లుడు నా పక్కకు వచ్చాడు. నన్ను చూశాడు. తళతళలాడుతున్న తన చైన్ని చూసుకున్నాడు. సీటును ఒకసారి కుదిపి చూశాడు. అది కదలలేదు. బెంచీ దగ్గర పడుతోంది.

"అయ్యో, లిఫ్టు!" అని అరిచి బ్రేకు నొక్కాడు.

"వంతెన మీద లిఫ్టేంటయ్యా?" డాక్టరు గొంతు కీచుమంది.

"ఫోనండీ! ఎవరో పెద్దావిడ లిఫ్టులో ఇరుక్కుపోయారు. ధైర్యం చెప్పాలి, ఒక్క క్షణం ఆగండి."

మనిషి ఇరుక్కుపోయిందంటే ఎవరు కాదంటారు? అంతా దిగారు. నేను బెంచీ మీద కూలబడ్డాను. ఆయన కాస్త దూరంగా, నాకు వీపు పెట్టి నిలబడి, ఫోను చెవికి ఆనించుకుని గట్టిగా మొదలుపెట్టాడు.

"అమ్మా, కంగారు పడకండి. ముందు కూర్చోండి. కూర్చున్నారా? వెనక్కి ఆనుకోండి. ఆ... ఇప్పుడు ముక్కుతో మెల్లగా గాలి తీసుకోండి. ఇప్పుడు వదలండి. అలాక్కాదు, వేడి టీ ఊదినట్టు, సన్నగా. మళ్లీ తీసుకోండి. తొందరేం లేదు. లిఫ్టు ఎక్కడికీ పడిపోదు, నేనున్నాను. ఊదండి."

ఎవరో ఎక్కడో ఇరుక్కుంటే నేనెందుకు ఊదాలి? అయినా ఊదాను. ఊరికే కూర్చోవడమెందుకని. ఊదిన కొద్దీ ఇస్త్రీపెట్టె ఎవరో మెల్లగా పైకెత్తుతున్నట్టయింది.

సరిగ్గా అప్పుడు, ఆయన చెవికి ఆనించుకుని మాట్లాడుతున్న ఆ ఫోను గణగణమని మోగింది.

మా అల్లుడు ఎగిరిపడ్డాడు. పార్లర్ అమ్మాయి నోరు తెరిచింది. డాక్టరు ఫోను చూశాడు, బెంచీ చూశాడు, నన్ను చూశాడు. జీవితమంతా జనం నోళ్లలోకి చూసిన మనిషి, ఇంకా టీ ఊదుతున్నట్టున్న నా పెదాలకేసి చూశాడు.

ఫోన్లో మా అమ్మాయి.

"ఆ, చెప్పు. వంతెన మీదే. ఆఁ, నేనే ఆగాను. చైను. అవును, కొత్తదే. కొత్తది కదా, ఇంకా సర్దుకోలేదు. అత్తయ్యగారా? బాగున్నారు, నన్ను తిడుతున్నారు."

అప్పటికి నేనింకా ఒక్క తిట్టయినా తిట్టలేదు. కానీ నా అల్లుడు నా కూతురి ముందు మాట పడడం నేను చూస్తూ ఊరుకుంటానా? ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అందుకున్నాను.

"తిట్టకేం చెయ్యమంటారండీ? ఇంతవరకూ చైను పెట్టుకోవడం రాలేదు, పైగా మెకానిక్కుట!"

"విన్నావుగా" అని ఫోను పెట్టేశాడు.

"అయితే అంకుల్, ఇందాక ఆ లిఫ్టులో ఎవరు..." అని పార్లర్ అమ్మాయి అందుకోబోయింది. డాక్టరు ఆ పిల్ల చెవి పక్కనే ఈల ఊదాడు.

"ఆ పెద్దావిడ బయటపడేదాకా ఎవరూ కదలకండి. డాన్సు ఎక్కడికీ పోదు" అని, తనూ కూర్చుని తన సైకిలు కమ్మీలు తట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల నన్నొకసారి చూసి, పాటలపెట్టెలో గోలపాట ఆపి, మెల్లటి పాటేదో పెట్టింది.

కాసేపటికి నేనే అడిగాను. "అల్లుడుగారూ, పాపం ఆవిడ బయటపడిందా?"

"పడ్డారండీ అత్తయ్యగారూ. కాస్త కోపిష్టావిడ. బయటికొస్తూనే నన్ను తిట్టారు."

"తిట్టదూ మరి! మీకు చెప్పడం చేతకాదు. టీ ఊదమన్నారు. ఆవిడకి కాఫీ అలవాటేమో?"

"ఈసారి కాఫీ అంటానండీ."

అవతల ఒడ్డుకు వెళ్లేసరికి డాన్సు మంచి జోరు మీదుంది. మా అల్లుడి డాన్సు చూసి తీరాలి. చేతులు రెండూ లిఫ్టు తలుపుల్లా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, మధ్యలో ఎవరైనా అడ్డమొస్తే మళ్లీ తెరుచుకుంటాయి. పిల్లలంతా చుట్టూ చేరి నేర్చుకున్నారు. నేను ఐస్‌క్రీమ్ తింటూ నవ్వలేక చచ్చాను. నన్ను కూడా రమ్మన్నాడు. రెండు తలుపులు నేనూ మూశాను.

తిరిగి వచ్చేటప్పుడు గాలి మా వెనక నుంచి తోసింది. నాకు హాయిగా ఉంది. పక్కన మాత్రం ఏదో కొలిమితిత్తిలా బుసకొడుతోంది. చూస్తే మా అల్లుడు. అంతసేపు ఎగిరిన పొట్ట, పాపం, ఎత్తెక్కనంటోంది. మూతి బిగబట్టుకుని తొక్కుతున్నాడే తప్ప నోరు విప్పడు. వంతెనకు ఇటు పక్క కూడా ఒక బెంచీ ఉంది. ఇన్నాళ్లూ నేను చూడనే లేదు.

బ్రేకు నొక్కాను.

"ఏమైందండీ అత్తయ్యగారూ?" అని హడలిపోయాడు.

"నా గంట మోగడం లేదు."

ఆయన వచ్చి గంట నొక్కాడు. ట్రింగుమని నది అవతలికి వినపడింది. ఆయన నన్ను చూశాడు. నేను నదిని చూశాను.

"సరిగ్గా మోగడం లేదు. కాసేపాగితే అదే సర్దుకుంటుంది. కూర్చో నాయనా."

పెళ్లినాటి నుంచీ ఆయన్ని నేను 'మీరు' తప్ప ఇంకో మాట అనలేదు. ఆయన వచ్చి బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. నేను ఈ చివర.

ముందునుంచి ఈల వినపడింది. "ఇప్పుడెవరయ్యా ఆగింది?"

మా అల్లుడు నోరు తెరవబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి లేచి నిలబడ్డాను.

"నేనే! ఆగింది నేనే! మా అమ్మాయికి చెప్పుకుంటారో ఏం చేసుకుంటారో మీ ఇష్టం!"

అటువైపు నుంచి పార్లర్ అమ్మాయి గొంతు వినపడింది.

"ఇక్కడ మాకేం వినపడ్డం లేదు బామ్మగారూ!"

అంటూనే పాటలపెట్టె సౌండు పెంచేసింది. మా అల్లుడి చేతులు బెంచీ మీదే ఒకసారి తెరుచుకుని మూసుకున్నాయి.